మూడడుగుల ఎత్తులో ఊరు: ఆదోని, ఎమ్మిగనూరు పసిపిల్లల తరఫున వినతిపత్రం

గౌరవనీయులైన కర్నూలు జిల్లా కలెక్టర్ గారికి,
ఆదోని సబ్ కలెక్టర్ గారికి, ఆదోని, ఎమ్మిగనూరు మున్సిపల్ కమిషనర్లకు, మహిళా శిశు సంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టర్ గారికి, రెండు పట్టణాల పోలీసు అధికారులకు

(సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో సమర్పిస్తున్నది)

విషయం: బజారు వీధుల్లో, పాత పేటల్లో పెరుగుతున్న ఆరేళ్లలోపు పిల్లలకు నడిచే దారి, ఆడుకునే చోటు, అంగన్‌వాడీ, శిశు సంరక్షణ కేంద్రం, నీళ్లు, రాత్రి వైద్యం కల్పించాలని కోరుతూ.

అయ్యా, అమ్మా,

మేము ఆదోనిలో షరాఫ్ బజారు, ఎంఎం రోడ్డు, కార్వాన్‌పేట, హవన్నపేట, మరాఠాగేరి ప్రాంతాల్లోనూ, ఎమ్మిగనూరులో సోమప్ప సర్కిల్ చుట్టుపక్కల, నేతగాళ్ల వీధుల్లోనూ కాపురముంటున్నవాళ్లం. చిన్నపిల్లల తల్లిదండ్రులం. కొడుకూ కోడలూ పనికి పోతే మనవళ్లను సాకుతున్న అవ్వలం, తాతలం. మాకు రిజిస్టరైన సంఘం లేదు, లెటర్‌హెడ్ లేదు. ఏ పార్టీ తరఫునా రాలేదు. కొందరం సంతకాలు పెట్టాం, కొందరం వేలిముద్రలు వేశాం.

మేము తరచూ వినే సలహా ఒకటుంది: బజారులో పిల్లల్ని ఎట్లా పెంచుతారు, బయట లేఅవుట్‌లో స్థలం చూసుకోండి అని. అక్కడ గాలి బాగుంటుంది, కాదనం. కానీ మార్కెట్ యార్డులో హమాలీ పని, జిన్నింగ్ మిల్లులో కూలి, కొట్లో గుమాస్తా పని, మగ్గం, ఉగ్గాని బజ్జీ బండి, అన్నీ ఊరి నడుమే ఉన్నాయి. బిడ్డను చూసుకునే అవ్వ పక్క గేరిలో, అంటే పక్క వీధిలో ఉంటుంది. జ్వరమొస్తే డాక్టరు, మందుల షాపు, పొద్దుపోయాక పాల ప్యాకెట్ దొరికే అంగడి, మేనత్త ఇల్లు, అన్నీ నడిచిపోయేంత దూరంలోనే. నిజానికి పసిబిడ్డ ఉన్న ఇంటికి ఇంతకంటే మంచి చోటు లేదు. పెద్దలు నడిచిపోయే ఆ కాస్త దూరాన్ని బిడ్డ నడవలేకపోవడమే ఇక్కడున్న లోటు. మేము ఊరి నడుమ నుంచి కదలము. ఊరి నడుమనే బిడ్డకు తగినట్టు చేయమని అడుగుతున్నాము. కింద రాసేవన్నీ ఈ ఒక్క కోరికకు వివరాలే.

ఆరోగ్యంగా పెరిగే మూడేళ్ల బిడ్డ ఎత్తు సుమారు 95 సెంటీమీటర్లు, అంటే మూడడుగులకు కాస్త పైన. ఈ ఎత్తునే కొలతగా పెట్టుకుని కొన్ని దేశాల్లో నగరాలు తమ వీధులను మళ్లీ చూసుకున్నాయి. మన కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ కూడా 2020లో పసిపిల్లల కోసం పేటలను బాగుచేసే పోటీ ఒకటి పెట్టింది. చివరికి నిలిచిన 10 నగరాల్లో మన కాకినాడ ఉంది, వరంగల్ ఉంది. మాది స్మార్ట్ సిటీ కాదు, ఆ పోటీకి మేము పోలేదు. అయితే కాకినాడ బిడ్డ ఎంత ఎత్తో ఆదోని బిడ్డా అంతే. ఆ ఎత్తులో నిలబడి ఎంఎం రోడ్డును ఒకసారి చూడండి. ఆటో వదిలే పొగ నేరుగా ముఖానికి తగులుతుంది. వీధికుక్క మూతి బిడ్డ మూతికి ఎదురుగా ఉంటుంది. బజ్జీల బాండలి అంచు చేతికందుతుంది. పెద్దవాళ్లం ఒక అంగలో దాటేసే కాలువ బిడ్డకు నిలువులోతు గుంత.

నడక గురించి

కాలిబాట మీద ఏ అడ్డమూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు నడిచేవాళ్లకు వదలాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం చెబుతోంది. షరాఫ్ బజారులో రెండు వైపులా అంత కాలిబాట అడిగితే ఇక రోడ్డే మిగలదని మాకూ తెలుసు. అన్ని వీధుల్లో అడగడం లేదు. ఒక్కో పేటలో ఒక్క దారిని ఎంచండి. అంగన్‌వాడీని, ప్రాథమిక పాఠశాలను, పట్టణ ఆరోగ్య కేంద్రాన్ని కలిపే దారి అయితే చాలు. ఆ దారి పొడవునా కాలువలకు మూతబండలు వేయించండి. అవి ఊరికే పరిచేసినవి కాకుండా, పారిశుద్ధ్య కార్మికులు పట్టుకుని పైకి లేపి పూడిక తీయగలిగేట్టు ఇనుప పట్టు ఉన్నవి కావాలి. పట్టు లేని బండను పూడిక తీసేటప్పుడు పగలగొడతారు, పగిలిన బండ మళ్లీ రాదు. బిడ్డకు అసలు మూత లేని కాలువ కంటే సగం మూత ఉన్న కాలువ ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే మిగతా సగమూ ఉందని నమ్మి అడుగు వేస్తుంది.

రోడ్లు వేసే పద్ధతి మీద ఇంకో ఫిర్యాదు ఉంది. ఇది చిన్నదిగా కనిపించినా మాకు పెద్దది. తారు మీద తారు, సిమెంటు మీద సిమెంటు పోస్తూ పోవడంతో వీధి ఎత్తు పెరిగి, పాత ఇళ్ల గడపలు కిందికి పోయాయి. ఆదోని పాత ఇళ్లకు అరుగులుండేవి. బిడ్డ ఆ అరుగు మీద కూర్చునే వీధిని చూసేది, ఎదురింటి బిడ్డను పలకరించేది, నడక నేర్చేది. ఇప్పుడు చాలా అరుగులు రోడ్డుతో సమానమయ్యాయి. బండి హ్యాండిల్ కాస్త తిరిగితే చక్రం అరుగెక్కుతుంది. వానొస్తే కాలువ నీళ్లు నట్టింట్లోకి వస్తాయి. కాబట్టి పాత పేటల్లో ఏ రోడ్డు పని చేపట్టినా, కొత్త పొర వేసేముందు పాత పొరను చెక్కి తీసేయాలన్న షరతును టెండరులోనే రాయండి. ఖర్చు కొంత పెరుగుతుంది. నీళ్లు దూరిన ఇళ్లకు ఏటా జరిగే నష్టం ముందు అది ఎక్కువేమీ కాదు.

పత్తి సీజన్‌లో, అంటే దసరా దాటినప్పటి నుంచి సంక్రాంతి తర్వాత దాకా, ట్రాక్టర్లు, లారీలు ఊరి మీదుగానే నడుస్తాయి. ఆదోనిని రెండో ముంబై అని పిలిపించిన వ్యాపారం అది. దానితోనే మా కడుపులూ నిండుతున్నాయి. ఆపమనం. బడికి, అంగన్‌వాడీకి పిల్లలు పోయే పొద్దుటి పూట గంటన్నర, తిరిగొచ్చే సాయంత్రం గంటన్నర మాత్రం పాత పేటల దారుల్లో భారీ వాహనాలు రాకుండా, సరుకు దించకుండా ఆపండి. మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద అలాంటి ఆంక్ష పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంది. కొత్త చట్టమేదీ అక్కర్లేదు, ఒక ఉత్తర్వు, నాలుగు బోర్డులు, ఇద్దరు కానిస్టేబుళ్లు ఉంటే చాలు.

ఇక్కడొక హెచ్చరిక కూడా రాయాలి. కాలిబాట అన్న మాట వినగానే తోపుడు బండ్ల మీద పడటం అలవాటు. ఈ కాగితాన్ని చూపించి ఎవరి బండినీ తీయించకండి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీతో కూర్చుని, బండి ఎక్కడ నిలబడాలో గీత గీయించండి. గీత ఉంటే బండి దాని లోపల ఉంటుంది, బిడ్డ దాని బయట నడుస్తుంది. ఆ బండ్ల కింద గోనెసంచి మీద నిద్రపోయే పిల్లలు కూడా ఈ వినతిపత్రంలోని పిల్లలే.

ఆట గురించి

ఆదోని మున్సిపాలిటీ 1865లో ఏర్పడింది. పేటలు అంతకంటే చాలా పాతవి. ఇవాళ ఎవరైనా కొత్త లేఅవుట్ వేస్తే అందులో 10 శాతం స్థలాన్ని ఖాళీగా వదలాలి. మా గేరులు పుట్టినప్పుడు ఆ నిబంధన లేదు. అందుకే పార్కులన్నీ ఊరి అంచుల్లో వస్తున్నాయి. అక్కడికి ఆటోలో పోయి రావడానికయ్యే డబ్బుతో ఇంట్లో ఒక పూట కూర అవుతుంది.

పాత పేటల్లో మిగిలిన ఖాళీ ఏమిటంటే, గుళ్ల ముందున్న జాగాలు, సిద్ది మసూద్ ఖాన్ కట్టించిన షాహీ జామియా మసీదు లాంటి ప్రార్థనా స్థలాల ఆవరణలు, మున్సిపల్ స్కూళ్ల ఆవరణలు. గుడి, మసీదు పెద్దలు పిల్లలతో దయగా ఉన్నారు, వాళ్లకు దండాలు. స్కూళ్లు మాత్రం ప్రభుత్వానివి, అవి సాయంత్రం తాళం పడి ఉంటాయి. రెండు పట్టణాల నడిమి వార్డుల్లో ఉన్న మున్సిపల్ పాఠశాలల ఆవరణలను రోజూ సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడు దాకా, ఆదివారం పొద్దున కూడా, చిన్నపిల్లలకూ వాళ్లతో వచ్చే పెద్దవాళ్లకూ తెరిచి ఉంచమని కోరుతున్నాము. ఒక కాపలా మనిషి, ఒక వేపచెట్టు నీడ, అవ్వలు కూర్చోవడానికి సిమెంటు బెంచీ, ఒక ఇసుక గుంత, శుభ్రంగా ఉండే మరుగుదొడ్డి కావాలి. పెద్దవాళ్లు వ్యాయామం చేసే ఇనుప సామాన్లు మాత్రం దయచేసి పంపకండి. ఎక్కడ నాలుగడుగుల జాగా దొరికినా అవే తెచ్చి పాతుతున్నారు. పిల్లల వేళ్లు వాటి మధ్య ఇరుక్కోవడం తప్ప మా వయసువాళ్లెవరూ వాటిని ఎక్కింది లేదు.

డబ్బు ఎక్కడిదంటారేమో. అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధీకరించేటప్పుడు ఖాళీ స్థలం కోసమని ప్లాటు యజమానుల దగ్గర చార్జీలు వసూలు చేస్తారు. ఆ పద్దు కింద రెండు మున్సిపాలిటీలకు ఇప్పటిదాకా ఎంత వచ్చింది, అందులో ఎంత ఏ వార్డులో ఏ స్థలం మీద ఖర్చయింది అన్నది నోటీసు బోర్డు మీద పెట్టండి. ఆ లెక్క చూశాక మిగతా సంగతి మాట్లాడుకుందాం.

అంగన్‌వాడీ గురించి

ఆరేళ్లు నిండేదాకా పిల్లలందరి సంరక్షణకూ, చదువుకూ రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగం 45వ అధికరణం అంటోంది. ప్రయత్నించాలి అన్నచోట ఎంత వెసులుబాటు ఉంటుందో మాకు తెలుసు, కాబట్టి దాన్ని పట్టుకుని వాదించం. సుప్రీంకోర్టు 2006 డిసెంబర్ 13న ఇచ్చిన ఉత్తర్వు వేరు. ఆరేళ్లలోపు పిల్లలు కనీసం 40 మంది ఉండి, అంగన్‌వాడీ లేని పల్లె గానీ మురికివాడ గానీ అడిగితే, అడిగిన నాటి నుంచి మూడు నెలల్లోపు కేంద్రం పెట్టాలని అది చెప్పింది. రెండు పట్టణాల్లో అలాంటి గేరుల పిల్లల జాబితాలు దీనికి జతచేస్తున్నాము. ఈ వినతిపత్రాన్నే ఆ ఉత్తర్వు కింద మేము చేసిన అభ్యర్థనగా తీసుకోండి. మూడు నెలల గడువు మీరు ముద్ర వేసి రసీదు ఇచ్చిన రోజు నుంచి మొదలవుతుంది.

2011 జనాభా లెక్కల్లో ఆదోని 1.66 లక్షలు, ఎమ్మిగనూరు 95 వేలు. ఆ లెక్క పట్టుకుని ఇప్పటి పిల్లలకు కేంద్రాలు పంచితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అప్పుడు చంకలో ఉన్న బిడ్డలకు ఇవాళ మీసాలొస్తున్నాయి. కొత్త జనగణన ఫలితాల దాకా ఆగకుండా, వార్డు సచివాలయాల చేత ఇంటింటి లెక్క తీయించి కేంద్రాలను సర్దండి.

అద్దె గదుల్లో నడిచే కేంద్రాల విషయంలో మేము టీచర్లనూ, ఆయాలనూ తప్పుపట్టడం లేదు. బజారు అద్దెలకు ప్రభుత్వమిచ్చే అద్దె చాలదు కాబట్టి, రేకుల కప్పు గది, మెట్ల కింద గది, వంటకూ ఆటకూ ఒకటే గది దొరుకుతాయి. ఏప్రిల్ వచ్చిందంటే ఆదోని ఎండకు ఆ రేకుల కింద బిడ్డ నిద్రపోదు. బజారు వార్డులకు అద్దె పరిమితిని వేరుగా నిర్ణయించాలి. ఖాళీగా ఉన్న మున్సిపల్ దుకాణాల గదులను, పాఠశాల గదులను ముందు అంగన్‌వాడీలకు చూడాలి.

భాష సంగతి ఎవరూ అడగరు, మేము అడుగుతాం. మా గేరుల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు, కన్నడం, మరాఠీ మాట్లాడేవాళ్లున్నారు. మూడేళ్ల బిడ్డకు దాహం వేస్తే తన ఇంటి మాటలోనే నీళ్లు అడుగుతుంది. ఆయాల నియామకంలో ఆ గేరి భాష వచ్చినవాళ్లకు ప్రాధాన్యం ఇస్తే పైసా ఖర్చు కాదు.

పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఒక చిక్కుంది. ఇంటికిచ్చే రేషన్ తీసుకోవాలంటే ఇప్పుడు ముఖం చూపి గుర్తింపు వేయాలి. కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, హొళగుంద వైపు నుంచి ఏటా సుగ్గికి, అంటే కూలి పనికి వలస పోయేవాళ్లలో మా బంధువులు చాలామంది. బడి ఈడు పిల్లలకు సీజనల్ హాస్టల్ అన్నా ఉంటుంది. రెండేళ్ల బిడ్డను ఆదోనిలో అవ్వ దగ్గర విడిచిపోతారు. నమోదైన ముఖం తల్లిది, ఆమె గుంటూరు మిర్చి చేలో ఉంటుంది. బిడ్డకు అన్నం కలిపి పెడుతున్న అవ్వ ముఖం యాప్‌కు పనికిరాదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆర్నెల్లు దాటిన బిడ్డకు పోషకాహారం అందాలి. ఆ హక్కు బిడ్డది, ముఖానిది కాదు. సాకేవాళ్ల ముఖాన్ని కూడా నమోదు చేయాలి. ఊరి పేరు వేరన్న కారణంతో ఏ బిడ్డనూ తిప్పి పంపకూడదు.

పనికి పోయే తల్లి గురించి

అంగన్‌వాడీ మధ్యాహ్నం దాటితే మూతపడుతుంది. మిల్లు సాయంత్రం దాకా నడుస్తుంది. ఆ మధ్య గంటల్లో బిడ్డ ఎక్కడుంటుంది? కొందరు తల్లులు వెంట తీసుకుపోతారు. పత్తి బస్తాల పక్కన, ఆ నూగు గాలిలో పడుకోబెడతారు. ముప్పై మందికి మించి మహిళా కార్మికులున్న ఫ్యాక్టరీలో పిల్లల గది ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టమే 48వ సెక్షన్‌లో రాసింది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట అది ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజన చట్ట సవరణ చెప్పింది. మన జిన్నింగ్ మిల్లులూ, నూనె మిల్లులూ చాలావరకు ఆ లెక్కలోకి రాని చిన్నవి, లేదా రానట్టు హాజరు పట్టీలో కనిపించేవి. ఒక్కో మిల్లును పట్టుకుని కొట్లాడటం మా వల్ల కాదు. మార్కెట్ యార్డు దగ్గర అందరికీ కలిపి ఒక శిశు సంరక్షణ కేంద్రం పెట్టండి. కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకంలో ఇలాంటి వాటికి నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు నడపాలన్న నియమం ఉంది. యార్డు సెస్సులోంచి గది, పథకంలోంచి జీతాలు వచ్చేట్టు చూడవచ్చు. పత్తి సీజన్‌లో వేళలు మాత్రం పని వేళలను బట్టి ఉండాలి.

ఎమ్మిగనూరు సంగతి వేరు. అక్కడ తల్లి ఇంట్లోనే ఉంటుంది, పనే ఇంట్లోకి వస్తుంది. ముందు గదిలో గుంట మగ్గం, మూలన పడుగు, పెరట్లో రంగు బాన. పాకే బిడ్డకు మగ్గం గుంత ఒక బావి. రంగు వేయడానికి వాడే కాస్టిక్ సోడా, హైడ్రోస్ అనే రసాయనాలు తాగే నీళ్ల చెంబు పక్కనే ఉంటాయి. బిడ్డ నడుముకు తాడు కట్టి మంచం కోడుకు కట్టేసి మగ్గం దిగే తల్లులున్నారు. వాళ్లను నిందించకండి, వేరే దారి చూపండి. మాచాని సోమప్ప గారు 1938లో నేతగాళ్ల సహకార సంఘాన్ని నెలకొల్పిన ఊరు ఇది. సంఘం నేతగాడి కూలి ఒక్కటే చూడలేదు, అతని ఇంటి సంగతి కూడా పట్టించుకుంది. ఆ ఒరవడిలోనే నేత వీధులకు ఉమ్మడి రంగుల షెడ్డు, మగ్గాలు ఆడే వేళల్లో తెరిచుండే ఒక పిల్లల గది కావాలి. చేనేత శాఖ, శిశు సంక్షేమ శాఖ కలిసి కూర్చుంటే ఇది ఒక నెల పని. ఆ రెండు శాఖలు కలిసి కూర్చోవడమే కష్టమని మాకు తెలుసు, అందుకే కలెక్టర్ గారి పేరు మొదట రాశాము.

నీళ్ల గురించి

మాకు తాగునీళ్లు తుంగభద్ర దిగువ కాలువ మీద ఆధారం. 2024 ఆగస్టులో డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు ఈ వైపు రైతులతో పాటు బిందె పట్టుకున్న ప్రతి ఆడమనిషీ భయపడింది. నీళ్లు వంతుల మీద వస్తాయి కాబట్టి ప్రతి ఇంట్లో తొట్టి, డ్రమ్ము, సంపు ఉంటాయి. మూత లేని సంపులో బిడ్డ పడుతుంది, మూత లేని డ్రమ్ములో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది. నీళ్లు రోజూ ఇవ్వలేకపోతే, ఏ వీధికి ఏ రోజు ఏ గంటకు వస్తాయో ముందే చెప్పండి. ఆ గంట తెలిస్తే బిడ్డను ఒకరికి అప్పగించి నీళ్లు పట్టుకుంటాం. ఆరేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకు సంపు మూతలు సబ్సిడీ మీద ఇప్పించండి. ఫాగింగ్ పొగ కంటే ఆ మూతే ఎక్కువ పనిచేస్తుంది.

మిగతావి

రెండు పట్టణాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో రాత్రిపూట పిల్లల డాక్టరు అందుబాటులో ఉండాలి. ఆయాసపడే బిడ్డకు ఆదోని నుంచి కర్నూలు వంద కిలోమీటర్ల దూరం. కుక్క కరిస్తే ఇచ్చే టీకా, గాయం లోతైతే వేసే ఇమ్యునోగ్లోబులిన్ ఎప్పుడూ నిల్వ ఉండాలి, ఉన్న నిల్వను బయట బోర్డు మీద రాయాలి. కుక్కల్ని చంపమనడం లేదు, 2023 నిబంధనల ప్రకారం ఆపరేషన్లు చేయించి టీకాలు వేయించమంటున్నాము. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులు, డీజేలు వద్దని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల్లో ఉంది. జాతరలూ, పండగలూ మావే, మా దేవుళ్లెవరికీ చెవుడు లేదు. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీ శక్తి పథకం వచ్చాక బస్సుల్లో చంటిబిడ్డల తల్లులు పెరిగారు, కాబట్టి రెండు బస్టాండ్లలో బిడ్డకు పాలిచ్చుకునే గది తాళం లేకుండా ఉండాలి.

ఆదోని జిల్లా కావాలని ఊరంతా అడుగుతోంది, మాలోనూ అడిగేవాళ్లున్నారు. అది ఎప్పుడు తేలుతుందో తెలియదు. ఈలోగా మూడేళ్ల బిడ్డకు ఆరేళ్లొచ్చి, ఈ కాగితంలో దానికంటూ ఏమీ మిగలదు. అందువల్ల ఇందులో ఏవి ఈ ఆర్థిక సంవత్సరంలో అవుతాయి, ఏవి కావు, కానివి ఎందుకు కావు అన్నది రాతపూర్వకంగా తెలియజేయమని కోరుతున్నాము. "సంబంధిత శాఖకు పంపడమైనది" అన్న జవాబును జవాబుగా లెక్కపెట్టము.

చివరగా, అధికారులందరూ ఒక సాయంత్రం 5 గంటలకు భీమాస్ సర్కిల్‌కు వచ్చి, అక్కడి నుంచి షరాఫ్ బజారు దాకా మాతో కలిసి నడవాలని మనవి. ఒక్కొక్కరికీ మా పిల్లల్లో ఒకరిని చేయి పట్టుకుని నడిపించడానికి ఇస్తాం. దారిలో ఎక్కడా బిడ్డను ఎత్తుకోకూడదు. తేదీ మీరు చెప్పండి, పిల్లల్ని తీసుకొస్తాం.

ఇట్లు,
ఆదోని, ఎమ్మిగనూరు పాత పేటల తల్లిదండ్రులు, అవ్వలు, తాతలు

జతపరిచినవి: సంతకాలు, వేలిముద్రల కాగితాలు, గేరి వారీగా ఆరేళ్లలోపు పిల్లల జాబితా, మూతలు లేని కాలువల ఫొటోలు, వార్డు నంబర్లతో.